మా ప్రెస్బిటేరియన్ చర్చి చరిత్ర నన్ను రాయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తపెద్ద

అందరికీ నమస్కారం. మేం ఉండేది అమెరికాలో, పెన్సిల్వేనియా పశ్చిమాన ఒక చిన్న ఊళ్లో. వచ్చిన కొత్తలో ఇంటికి దగ్గరని ఇక్కడి ప్రెస్బిటేరియన్ (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ) చర్చికి వెళ్లడం మొదలుపెట్టాం, అక్కడే ఉండిపోయాం. ఈ ఏడాది నన్ను ఎల్డర్‌గా, అంటే సంఘ పెద్దగా ఎన్నుకున్నారు. సెషన్ (సంఘ పెద్దల సభ) మొదటి మీటింగ్‌లోనే "వార్షికోత్సవానికి సంఘం చరిత్ర పుస్తకం తేవాలి, అది నువ్వు చూసుకో" అన్నారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడికి పుస్తకం రాయడం కూడా వచ్చేసి ఉంటుందని వాళ్ల ధీమా కాబోలు.

సంఘం 1830లలో మొదలైంది. ఇంతకుముందు రాసిన చరిత్ర ఒక్కటే ఉంది, 1930లలో అచ్చయిన పలచటి పుస్తకం. పాస్టర్ల పేర్లు, ఎవరు ఎన్నేళ్లు చేశారు, గుడి ఎప్పుడు కట్టారు, గంట ఎప్పుడు వచ్చింది, ఆర్గన్‌కి డబ్బు ఎవరిచ్చారు. అంతే. మనుషులు ఎక్కడా కనపడరు.

ఆఫీసు వెనక గదిలో ఇనప బీరువా తీయించి చూశాను. తోలు అట్టల సెషన్ మినిట్స్ (మీటింగ్‌లో జరిగింది రాసే పుస్తకాలు), ట్రస్టీల లెక్కల పుస్తకాలు, మహిళా మిషనరీ సొసైటీ నోటుపుస్తకాలు, ఎవరెవరో రాయని ఫొటోలు బోలెడు. ఒక రేకు డబ్బాలో గోరంత సీసపు బిళ్లలు ఉన్నాయి. బొత్తాములేమో అనుకున్నా గానీ చిల్లుల్లేవు, మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక సంవత్సరం. ఆ డబ్బా పక్కనే కట్ట కట్టిన పాత కీర్తనల పుస్తకాలు. బైబిల్లోని 150 కీర్తనలే తప్ప మామూలు పాట ఒక్కటి లేదు వాటిలో.

ఇంకో సంగతి. మా వీధిలోనే ఎదురుగా ఒకప్పుడు మరో ప్రెస్బిటేరియన్ చర్చి ఉండేదట. ఎనభై దాటినవాళ్లు కొందరు ఇప్పటికీ "మేం ఎదురు చర్చి వాళ్లం" అంటారు. ఒక ఊళ్లో రెండెందుకు, మళ్లీ ఎందుకు కలిశాయి అని అడిగితే సరిగ్గా చెప్పరు. నా దగ్గరున్న పాత పుస్తకంలో దాని ఊసే లేదు.

అసలు టెన్షన్ ఇది. పాత మినిట్స్‌లో తాగాడనీ, డాన్సుకు వెళ్లిందనీ, పొరుగువాడి మీద నింద వేశాడనీ పిలిపించి విచారించిన కేసులు పేర్లతో సహా ఉన్నాయి. అవే ఇంటిపేర్ల వాళ్లు ఇప్పటికీ ముందు బెంచీల్లో కూర్చుంటున్నారు. ఇలాంటివి రాయొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

---

పన్నెండు_పేజీలు

బ్రదర్, ఇంత ఆలోచించకండి. మా చర్చి పుస్తకానికీ ఇలాగే కమిటీ వేశారు. చివరికి అందరూ వెతుక్కున్నది తమ బామ్మ ఫొటో ఎక్కడుందనే. పాస్టర్ల జాబితా, పాత బిల్డింగ్, కొత్త బిల్డింగ్, క్వయిర్ గ్రూప్ ఫొటో, పన్నెండు పేజీల్లో ముగించండి. సీసపు బిళ్లల కథ ఎవరికి కావాలి?

---

క్లర్క్‌గారు

బాబూ కొత్తపెద్దా, పై సలహా పక్కన పెట్టు. నేను వేరే రాష్ట్రంలో ఒక ప్రెస్బిటేరియన్ సంఘానికి క్లర్క్ ఆఫ్ సెషన్‌ని, అంటే ఆ మినిట్స్ రాసేదాన్ని. రిటైరయ్యాక అప్పగించారు, ఇప్పటికీ దించలేదు. నువ్వు బొత్తాములనుకున్న ఆ బిళ్లలే నీ పుస్తకానికి మొదటి అధ్యాయం.

వాటిని కమ్యూనియన్ టోకెన్లు అంటారు. స్కాట్లాండ్‌లో 1560లో జాన్ నాక్స్ వాళ్లు సంఘాన్ని సంస్కరించిన కాలం నుంచి ఉన్న ఆచారం. అప్పట్లో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే కమ్యూనియన్, ఏడాదికి ఒకటి రెండుసార్లే. ఆ ముందు రోజుల్లో పాస్టరూ పెద్దలూ ఒక్కొక్కరినీ పరీక్షించేవాళ్లు. ప్రశ్నోత్తరాలు వచ్చా, నడవడి బాగుందా, పక్కింటివాడితో తగాదా ఏమైనా మిగిలి ఉందా. అన్నీ సరే అనుకుంటే చేతిలో ఒక బిళ్ల పెట్టేవాళ్లు. ఆదివారం పొడుగాటి బల్ల దగ్గర కూర్చునేటప్పుడు ఆ బిళ్ల తిరిగి ఇవ్వాలి. బిళ్ల లేనివాడు కూర్చోకూడదు. గురువారం ఉపవాసం, శనివారం సిద్ధపాటు ప్రసంగం, ఆదివారం బల్ల, సోమవారం కృతజ్ఞత ఆరాధన, ఇలా సాగేది. చుట్టుపక్కల ఊళ్ల జనం బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. 1801లో కెంటకీలో కేన్ రిడ్జ్ దగ్గర వేల మంది పోగైన ఉజ్జీవ కూటం (భక్తిని రగిలించే పెద్ద సభ) ఉందే, అది కూడా ప్రెస్బిటేరియన్ల బల్ల ఆరాధనగానే మొదలైంది.

వలస వచ్చిన స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ జనంతో ఆ అలవాటు పెన్సిల్వేనియాకీ వచ్చింది. ఒక్కసారి బిళ్లల మీద అక్షరాలు చూడు. "ఎ.సి." అని ఉంటే అసోసియేట్ కాంగ్రిగేషన్ అయి ఉండే అవకాశం ఎక్కువ. అదే అయితే ఆ డబ్బా మీది కాదు, ఎదురు చర్చి వాళ్లది. కీర్తనల పుస్తకాల కట్ట కూడా వాళ్లదే.

ఇక ఊళ్లో రెండు చర్చిల సంగతి. దీనికి సాధారణంగా రెండు కథలు ఉంటాయి. నీది ఏదో మినిట్స్ చెప్తాయి.

మొదటిది 1837 చీలిక. న్యూ ఇంగ్లండ్ కాంగ్రిగేషనల్ సంఘాలతో కలిసి పనిచేద్దామని 1801లో ఒక ఒప్పందం చేసుకున్నారు. దాంతో వాళ్ల భావాలూ వచ్చాయి, చార్లెస్ ఫిన్నీ అనే ప్రసంగీకుడి తరహా ఉజ్జీవ కూటాలూ వచ్చాయి. పాతకాలపు వాళ్లకి ఒళ్లు మండింది. ఫిలడెల్ఫియా ఫస్ట్ చర్చి పాస్టర్ ఆల్బర్ట్ బార్న్స్ మీద తప్పుబోధ కేసు కూడా నడిపారు, 1836లో ఆయన బయటపడ్డాడు. మరుసటి ఏడాది జనరల్ అసెంబ్లీలో, అంటే అన్నిటికన్నా పై సభలో, ఓల్డ్ స్కూల్ అనే ఆ పాతకాలపు వాళ్లది పైచేయి అయ్యింది. ఏకంగా నాలుగు సినడ్లను (ప్రాంతీయ సభలను) బయటికి నెట్టేశారు. ఆస్తుల తగాదాలు కోర్టుకెక్కాయి. బానిసత్వం గొడవ దీని అడుగున లేదని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఉత్తరాన ఈ రెండు పక్షాలూ 1870 నాటికి మళ్లీ కలిశాయి. కాబట్టి ఆ కథ అయితే నీ ఎనభై ఏళ్లవాళ్లకి గుర్తుండే ప్రసక్తే లేదు.

అందుకే నీది రెండో కథ అనుకుంటున్నాను. స్కాట్లాండ్‌లో పాస్టర్‌ని నియమించే హక్కు ఊరి భూస్వామిదా, సంఘానిదా అన్న గొడవ మీద 1733లో ఎబెనీజర్ ఎర్‌స్కిన్ లాంటివాళ్లు విడిపోయారు. సిసీడర్లు అనేవాళ్లు వాళ్లని, ఆ "అసోసియేట్" పేరు వాళ్లదే. వాళ్ల సంతతి సంఘాలు అమెరికాలో కొన్ని 1858లో పిట్స్‌బర్గ్‌లో ఒక్కటై యునైటెడ్ ప్రెస్బిటేరియన్ చర్చి ఆఫ్ నార్త్ అమెరికా అయ్యాయి. పశ్చిమ పెన్సిల్వేనియా వాళ్ల కంచుకోట. 1925 దాకా ఆరాధనలో కీర్తనలు తప్ప వేరే పాట పాడేవాళ్లు కాదు. ఆ సంఘం మొత్తం మీ పెద్ద సంఘంతో 1958లో కలిసింది, అది కూడా పిట్స్‌బర్గ్‌లోనే. పైన కలిసినంత మాత్రాన ఊళ్లో వెంటనే కలవరు. రెండు గుళ్లు, రెండు బాయిలర్లు, రెండు క్వయిర్లు, ఎవరి మర్యాద వాళ్లది. 1958 తర్వాత పది పదిహేనేళ్ల మినిట్స్ జాగ్రత్తగా చదువు.

మినిట్స్ చదివే ముందు ఒక మాట. సెషన్ అంటే సంఘం ఎన్నుకున్న పెద్దలు, దానికి పాస్టర్ మోడరేటర్ (అధ్యక్షుడు). ఆ పుస్తకాన్ని ప్రెస్బిటరీ, అంటే చుట్టుపక్కల సంఘాలన్నిటి పై సభ, తెప్పించుకుని చూస్తుంది. పాత పుస్తకాల్లో ఏడాదికొకచోట "పరిశీలించి ఆమోదించడమైనది" అని వేరే చేతిరాత, సంతకం కనిపిస్తాయి. అంటే రాసే క్లర్క్‌కి పైవాళ్లు చదువుతారని తెలుసు. అందుకే అందులో గొడవ గొడవలా ఉండదు. రెండు గంటల పోట్లాట "చర్చ అనంతరం" అన్న మాటలో సర్దేస్తాం. నేను కూడా అదే చేస్తున్నాను లే.

కాబట్టి సెషన్ పుస్తకం ఒక్కటే చదివితే సగం చరిత్రే. పక్కన ట్రస్టీల (సంఘం ఆస్తి, డబ్బు చూసేవాళ్ల) పుస్తకం పెట్టుకో, డబ్బు నిజం చెప్తుంది. 19వ శతాబ్దంలో చాలా సంఘాలు బెంచీలు అద్దెకిచ్చేవి. ఏ బెంచీ ఎవరిది, ఎంత కట్టారు అని పటం ఉంటే అదృష్టమే. ఊళ్లో డబ్బున్నవాళ్లెవరు, వెనక వరసలో ఎవరు, మెట్లెక్కి గ్యాలరీలో ఎవరు, ఒక్క కాగితంలో కనిపిస్తుంది. గ్యాలరీ అన్నాను కాబట్టి చెప్తున్నా, సభ్యుల రిజిస్టర్‌లో ఇంటిపేరు లేకుండా ఒట్టి పేరుతో రాసినవాళ్లు కనిపిస్తే దాటేయకు. వాళ్లలో నల్లజాతి సభ్యులు ఉండొచ్చు. పెన్సిల్వేనియా 1780లోనే బానిసత్వాన్ని క్రమంగా తీసేసే చట్టం చేసింది గానీ, ఆ తర్వాత పుట్టిన పిల్లలు కూడా 28 ఏళ్లు వచ్చేదాకా పనికి కట్టుబడి ఉండాల్సిందే. 1807లో ఫిలడెల్ఫియాలో జాన్ గ్లౌస్టర్ మొదటి ఆఫ్రికన్ ప్రెస్బిటేరియన్ సంఘాన్ని ఎందుకు మొదలుపెట్టాల్సి వచ్చిందో అది కూడా నీ కథలో భాగమే.

పేజీలు చిరిగిపోయి ఉన్నాయని దిగులు పడకు. 1706లో ఫ్రాన్సిస్ మకెమీ మోడరేటర్‌గా అమెరికాలో మొట్టమొదటి ప్రెస్బిటరీ ఫిలడెల్ఫియాలో కూడింది కదా, ఆ మినిట్స్‌కే మొదటి ఆకు పోయింది. ఈ దేశపు ప్రెస్బిటేరియన్ల లిఖిత చరిత్ర నడిమధ్యలో మొదలవుతుంది.

కేసుల సంగతి రేపు రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

---

టార్టన్_టై

బాగుంది మేడమ్. మా చర్చిలో ఏడాదికోసారి "కర్కిన్ ఆఫ్ ద టార్టన్" చేస్తారు. బ్యాగ్‌పైపులు, గళ్ల బట్టలు, ఒక్కో కుటుంబం పేరు చదివి దీవించడం. 1746లో స్కాట్లాండ్‌లో కల్లోడెన్ యుద్ధం తర్వాత టార్టన్ (ఆ గళ్ల బట్ట) నిషేధిస్తే జనం చిన్న ముక్క జేబులో దాచుకుని చర్చికి వచ్చి దొంగచాటుగా దీవెన తీసుకునేవాళ్లట. మన పెద్దలూ అలా దాచుకున్నవాళ్లేనని మా పాస్టర్ చెప్తే ఒళ్లు పులకరించింది. కొత్తపెద్ద గారూ, మీ దగ్గర ఇలాంటిదుంటే తప్పక రాయండి.

---

క్లర్క్‌గారు

టార్టన్ గారూ, ఆ పండగ నాకూ ఇష్టమే, బ్యాగ్‌పైప్ వింటే ఇప్పటికీ లేచి నిలబడతాను. కానీ దాన్ని మొదలుపెట్టింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాషింగ్టన్‌లో న్యూయార్క్ అవెన్యూ ప్రెస్బిటేరియన్ చర్చి పాస్టర్ పీటర్ మార్షల్. స్కాట్లాండ్‌లో పుట్టిన మనిషి. యుద్ధంలో ఉన్న బ్రిటన్ కోసం ప్రార్థన, సాయం అని మొదలైన ఆరాధన అది. జేబులో ముక్క కథ ఆ తర్వాత దానికి అంటుకుంది. మీ సంఘం ఎప్పటినుంచి చేస్తోందో, ఎవరు పట్టుబట్టి పెట్టించారో రాస్తే చాలు. అది మీ సొంత చరిత్ర అవుతుంది.

ఇప్పుడు కేసుల సంగతి. కొత్తపెద్దా, రాయాలి. పేర్లు మాత్రం అక్కర్లేదు. "1840లలో ఒక రైతు", "ఒక పెళ్లికాని అమ్మాయి" అంటే సరిపోతుంది. తాగుడు, ఆదివారం పని చేయడం, డాన్సు, అప్పు ఎగ్గొట్టడం, చాడీలు, పెళ్లికి ముందు గర్భం, ఇవే మళ్లీ మళ్లీ వస్తాయి. చదువుతూ నవ్వుకోకు. కోర్టు దూరంగా ఉన్న ఊళ్లో ఇద్దరు పొరుగువాళ్ల మధ్య గట్టు తగాదాను కూర్చోబెట్టి తీర్చింది ఈ పెద్దలే. సాక్షుల్ని పిలిచారు, వాంగ్మూలం రాసుకున్నారు, బల్లకు దూరం పెట్టారు, మనిషి మారాడనుకున్నాక మళ్లీ చేర్చుకున్నారు. తీర్పు నచ్చనివాడు ప్రెస్బిటరీకి, అక్కడా నచ్చకపోతే సినడ్‌కి, జనరల్ అసెంబ్లీ దాకా అప్పీలు చేసుకోవచ్చు. ఒక్క మనిషి ఇష్టం మీద నడిచే వ్యవస్థ కాదిది, ఏ నిర్ణయమైనా పదిమంది కూర్చుని చేయాల్సిందే. నాకు ఈ సంఘంలో నచ్చిందే అది.

నచ్చనిది కూడా చెప్తాను. ఎవరిని పిలిచారో చూశాక, ఎవర్ని పిలవలేదో చూడు. గర్భవతి అయిన పిల్లను పిలిచారు సరే, మగవాణ్ణి పిలిచారా? తాగిన కూలివాణ్ణి పిలిచారు, సారా బట్టీ నడిపిన ట్రస్టీని పిలిచారా? ట్రస్టీల పుస్తకం పక్కన పెట్టుకోమన్నది ఇందుకే. పేర్లు తీసేసి ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెడితే ముందు బెంచీలవాళ్లు కూడా నొచ్చుకోరు, చదువుతారు.

అలాగే 1861 నుంచి 1865 దాకా మీ సెషన్ ఏం రాసిందో చూడు. 1861 మేలో ఫిలడెల్ఫియా అసెంబ్లీ ఫెడరల్ ప్రభుత్వానికి విధేయత ప్రకటిస్తూ తీర్మానం చేసింది, దక్షిణాది ప్రెస్బిటరీలు వెళ్లిపోయి డిసెంబర్‌లో సొంత అసెంబ్లీ పెట్టుకున్నాయి. మళ్లీ కలవడానికి 1983 దాకా పట్టింది. అంత యుద్ధం జరుగుతుంటే మా పాత క్లర్క్ మాత్రం బొగ్గు కొనుగోలు గురించి శ్రద్ధగా రాసుకున్నాడు. మీ దాంట్లో ఏముందో.

---

కొత్తపెద్ద

అమ్మా, బిళ్లల మీద మీరన్నట్టు "ఎ.సి." అనే ఉంది. 1840ల సంవత్సరం. చూడగానే మా సంఘం క్లర్క్‌కి ఫోన్ చేసి చెప్పాను, ఆవిడ కూడా అవి బొత్తాములనే అనుకుందట.

కలిసిన సంగతి 1960ల మినిట్స్‌లో దొరికింది. ఎదురు చర్చి బాయిలర్ పాడైంది, బాగుచేయడానికి డబ్బుల్లేవు. మొదట ఒక చలికాలం కలిసి ఆరాధన చేద్దామన్నారు. ఎండాకాలం వచ్చాక ఎవరూ తిరిగి వెళ్లలేదు. ఆ మీద ఏడాదిన్నర పాటు ఎవరి బల్ల పాత్రలు వాడాలి, సండే స్కూల్ సూపరింటెండెంట్ ఎవరు, ఎటు పక్క బెంచీలు ఎవరివి అన్న దాని మీద "చర్చ అనంతరం", "చర్చ అనంతరం".

ఎదురు చర్చి వాళ్లలో ఒక పెద్దావిడతో కూర్చున్నాను. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఇటువైపు చర్చిలో పాటలు వినపడకుండా ఆదివారం కిటికీ మూసేవాడట. కలిసిన మొదటి ఆదివారం ఆయన పాట వచ్చినప్పుడల్లా నోరు మూసుకుని నిలబడ్డాడట, కీర్తన వచ్చినప్పుడు మాత్రం గుడి దద్దరిల్లేలా పాడాడట. ఇది రికార్డ్ చేసుకున్నాను.

మహిళా సొసైటీ నోటుపుస్తకాలు ఇంకా ముట్టుకోలేదు. అందులో టీ పార్టీలూ అవీ ఉంటాయనుకుంటున్నాను. ఫొటోలకు తేదీలు ఎలా తెలుసుకోవాలి?

---

క్లర్క్‌గారు

ఆ కిటికీ కథ పుస్తకంలో లేకపోతే నేనే వచ్చి గొడవ చేస్తాను.

టీ పార్టీలా! బాబూ, మహిళల పుస్తకాలు ముందు చదవాల్సింది. మగవాళ్ల సెషన్ బొగ్గు లెక్కలు రాసుకుంటున్నప్పుడు వీళ్లు ప్రపంచ పటం ముందు పెట్టుకుని కూర్చున్నారు. 1870 నుంచి ప్రెస్బిటేరియన్ మహిళల మిషనరీ సొసైటీలు పుట్టుకొచ్చాయి. ఇంటింటా చిన్న అట్టపెట్టె, అందులో చిల్లర సెంట్లు. వాటితో బడులు, ఆసుపత్రులు, ఆడ డాక్టర్ల జీతాలు. మీ పక్షం వాళ్లు 1834 నుంచి లూధియానాలో పనిచేశారు, ఎదురు చర్చి వాళ్ల వైపు 1854లో ఈజిప్టులో, 1855లో సియాల్కోట్‌లో మొదలుపెట్టారు. ఆ నోటుపుస్తకాల్లో పంజాబ్ నుంచి వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించినట్టు రాసి ఉంటే ఆశ్చర్యపోను. మనవాళ్ల దేశం గురించి ఆ ఊరి రైతు భార్యలకు నూట యాభై ఏళ్ల కిందే తెలుసు, నువ్వు కొత్తగా వచ్చావనుకుంటున్నావు గానీ.

ఇంతా చేస్తే 1923లో వాళ్ల బోర్డులను వాళ్లతో సరిగ్గా సంప్రదించకుండానే పెద్ద బోర్డుల్లో కలిపేశారు. ఆడవాళ్ల అసంతృప్తి ఎంత దూరం వెళ్లిందంటే, దాని కారణాల మీద 1927లో క్యాథరిన్ బెనెట్, మార్గరెట్ హాజ్ ఒక రిపోర్టే రాసి ఇచ్చారు. మీ వైపు సంఘంలో ఆడవాళ్లు పెద్దలు కావడానికి 1930 వచ్చింది, పాస్టర్ కావడానికి 1956. ఆ ఏడాది అక్టోబర్‌లో మార్గరెట్ టౌనర్ అభిషేకం పొందింది. మీ సంఘంలో మొదటి మహిళా పెద్ద ఎవరో కనుక్కో. చట్టం వచ్చాక ఎన్నేళ్లకు ఎన్నుకున్నారో ఆ అంకె రాయి, వ్యాఖ్యానం వద్దు.

మహిళలు అచ్చేయించిన వంటల పుస్తకం ఉందేమో కూడా అడుగు, పేర్లు దండిగా ఉంటాయి. పేర్లు కుట్టిన దుప్పటి కూడా ఎవరి అటక మీదో ఉండొచ్చు. పేరుకు ఇంత అని వసూలు చేసి కుట్టి, దుప్పటిని మళ్లీ అమ్మి గుడికి డబ్బు తెచ్చేవాళ్లు.

ఫొటోలకు: బయట బోర్డు కనిపిస్తుంటే దాని మీద పేరు చూడు. మీ గుడి బోర్డు మీద "యునైటెడ్ ప్రెస్బిటేరియన్" అని ఉంటే 1958 తర్వాతది. ఎదురు గుడి బోర్డు మీద అదే మాట 1858 నుంచీ ఉండొచ్చు కాబట్టి ముందు ఏ గుడో చూసుకో. "ప్రెస్బిటేరియన్ చర్చి యూఎస్ఏ" ముద్ర కొత్తదైతే 1983 తర్వాత. గుడి మారిన తీరుకు శాన్‌బోర్న్ ఫైర్ ఇన్సూరెన్స్ మ్యాపులు ఉన్నాయి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉచితం. ఇటుక గులాబీ రంగు, చెక్క పసుపు, రాయి నీలం. ఒక మ్యాపులో పసుపు ఉండి తర్వాతి దాంట్లో నీలం అయితే ఆ మధ్యలో కట్టారన్నమాట. ఏటేటా సభ్యులెందరు, బాప్తిస్మాలెన్ని, కానుకలెంత అన్నది జనరల్ అసెంబ్లీ మినిట్స్‌లో సంఘాల వారీగా అచ్చయి ఉంటుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఆ పుస్తకాలు ఇంటికి పట్టుకుపోకు, టేప్ అంటించకు, లామినేషన్ అనే మాట ఎవరైనా అంటే గదిలోంచి పంపెయ్. అవి సెషన్ ఆస్తి, ఎప్పటికీ. ఫిలడెల్ఫియాలో 1852 నుంచి ప్రెస్బిటేరియన్ హిస్టారికల్ సొసైటీ ఉంది, భద్రపరుస్తారు, స్కాన్ చేయించుకోవచ్చు. నేలమాళిగలో బీరువా అయితే ఈ నెలే మాట్లాడు.

---

పన్నెండు_పేజీలు

ఎదురు చర్చి నాన్నగారి కథ బాగుంది, ఒప్పుకోవాలి. కానీ ఈ మధ్య యాభై ఏళ్లు ఏం రాస్తారు? మా దాంట్లో అయితే జనం తగ్గడం తప్ప ఏమీ లేదు. వార్షికోత్సవం రోజు అది చదివి ఏడవాలా?

---

క్లర్క్‌గారు

తగ్గారు, నిజమే. 1983లో ఉత్తరాది, దక్షిణాది సంఘాలు రెండూ కలిసినప్పుడు 31 లక్షల పైచిలుకు సభ్యులు, 2023 నాటికి 11 లక్షల లోపు. దాచేదేముంది, ప్రతి సెషన్‌కీ తెలుసు. దాచితే పుస్తకం మిగతాది కూడా నమ్మరు.

కానీ తగ్గుతున్న సంఘం ఏం చేసిందో రాయొచ్చు కదా. ఇల్లు కదలలేనివాళ్ల దగ్గరికి బల్ల తీసుకెళ్లే పెద్దలెవరు, ఆ రోజు కారు ఎవరు నడుపుతారు. డీకన్లు (అవసరంలో ఉన్నవాళ్లకు సాయం చూసేవాళ్లు) ఎవరి కరెంటు బిల్లు కట్టారో పేర్లు బయటికి రావు, ఏడాదికి ఎంత ఖర్చయిందో మాత్రం లెక్కల్లో ఉంటుంది. కింద హాల్లో తాగుడు మానేవాళ్ల మీటింగ్ ఎన్నేళ్లుగా జరుగుతోంది? 1840లలో అదే సంఘం తాగినవాణ్ణి బల్లకు దూరం పెట్టింది, ఇప్పుడు వాడికి తాళంచెవి ఇస్తోంది. కొత్తపెద్దా, ఈ రెండూ నీ బీరువాలో ఉన్నాయో లేదో చూడు, ఉంటే ఎదురెదురు పేజీల్లో పెట్టు. పాస్టర్ లేని ఏళ్లలో ప్రసంగ పీఠం ఎవరు చూసుకున్నారో కూడా రాయి. పాస్టర్ల జాబితాలో ఆ ఏళ్లు ఖాళీ గీతలా ఉంటాయి, సంఘాన్ని ఎవరు నడిపారో తెలిసేది ఆ ఖాళీల్లోనే.

---

కొత్తపెద్ద

కింద హాల్లో మీటింగ్ మంగళవారాలు ఉంటుంది, తాళంచెవి నా దగ్గరే తీసుకుంటారు. అడుగుతాను.

అమ్మా, చివరి ప్రశ్న. రాశాక సెషన్ చదివి మార్పులు చేయమంటే? ముఖ్యంగా సారా బట్టీ ట్రస్టీ లాంటివాడు దొరికితే. (దొరికాడు.)

---

క్లర్క్‌గారు

దొరక్కుండా ఉంటాడా!

రాతప్రతి మొత్తం ఒకేసారి సెషన్‌కి ఇవ్వకు. ముందు ఇద్దరు పెద్దల్ని ఎంచుకుని వాళ్లతో చదివించు, ఒకరు ఎదురు చర్చి తరఫు వాళ్లయితే మంచిది. ప్రతి సంగతికీ ఏ పుస్తకం, ఏ తేదీ మీటింగ్ అన్నది నీ కాపీలో పక్కన రాసిపెట్టుకో. అభ్యంతరం వస్తే పేజీ తీసి చూపించు, వాదించకు. తప్పు చదివి ఉంటే దిద్దుకో. సరిగ్గానే ఉంటే ఓటు పెట్టమని అడుగు, ఆ ఓటు మినిట్స్‌లో ఎక్కుతుంది. క్లర్క్ ఎలా రాస్తుందో నీకు తెలుసు.

అచ్చయ్యాక రెండు కాపీలు ఫిలడెల్ఫియాకి పంపు, ఒకటి మీ ఊరి లైబ్రరీకి. చివర్లో పేర్ల పట్టిక పెట్టడం మర్చిపోకు. పన్నెండు పేజీల బాబు చెప్పింది ఆ ఒక్క విషయంలో నిజం, అందరూ ముందు తిప్పేది బామ్మ పేరు కోసమే.